చదరంగంలో ఈ4కు ఏం జవాబివ్వాలి? నాలుగు ఓపెనింగుల (ఆట మొదలుపెట్టే పద్ధతుల) మధ్య ఊగిసలాడేవాళ్ళకు

ఆరు ఎత్తులు. నేను ఓడిపోయిన ఆటల్లో అన్నిటికన్నా పొట్టిది అదే. చెన్నైలో ఒక స్కూలు హాలు, ఆదివారం రాపిడ్ (తక్కువ టైము ఆటల) చెస్ టోర్నమెంటు, భోజనాల తర్వాత మొదటి రౌండు. ఎదురుగా కాళ్ళు నేలకు అందని తొమ్మిదేళ్ళ అమ్మాయి. నేనేమో పెరుగన్నం తినొచ్చి నిద్ర ఆపుకుంటున్నాను. ఆ అమ్మాయి ఈ4 ఆడింది, అంటే రాజు ముందున్న బంటును రెండు గళ్ళు తోసింది (గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస). ముందురోజు రాత్రే వీడియోలో కారో-కాన్ అనే ఓపెనింగ్ చూశాను కదా అని సీ6 ఆడాను. డీ4, డీ5. గుర్రం సీ3కి వచ్చింది. నేను ఈ4 బంటును కొట్టాను, గుర్రం నా బంటును కొట్టింది. నేను గుర్రాన్ని డీ7కు తెచ్చాను. ఆ అమ్మాయి మంత్రిని ఈ2లో పెట్టింది. 'పిల్ల కదా, తన బిషప్‌కు తానే అడ్డం పెట్టుకుంది' అనుకుని రెండో గుర్రాన్ని ఎఫ్6కు దూకించాను. గుర్రం డీ6, చెక్. ఈ7 బంటుతో కొడదామంటే అది కదలకూడదు, కదిలితే వెనకున్న రాజు మంత్రికి దొరికిపోతాడు. రాజు జరగడానికి ఒక్క గడీ లేదు, చుట్టూ నా పావులే. ఆటకట్టు.

ఆ అమ్మాయి నవ్వనైనా లేదు. చెయ్యెత్తి ఆర్బిటర్‌ను పిలిచింది, సంతకం పెట్టింది, నీళ్ళ బాటిల్ తీసుకుని వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

తప్పు కారో-కాన్‌ది కాదు. దాన్ని ఎందుకు ఎంచుకున్నానో నాకే తెలియదు, అదే తప్పు. అంతకు ముందు నెల సిసిలియన్, దానికి ముందు ఫ్రెంచ్. ఓడినప్పుడల్లా ఓపెనింగ్ మార్చడం, చొక్కా బాగోలేదని అద్దం మార్చినట్టు. ఇప్పుడు టోర్నమెంట్లలో తెలుగు మాట వినపడగానే పక్కకొచ్చి కూర్చునే తల్లిదండ్రులు నన్ను అడిగేదీ ఇదే: "సార్, మావాడికి బ్లాక్ వస్తే చాలు పాయింటు పోతోంది. ఒక కోచ్ సిసిలియన్ అంటారు, ఇంకో కోచ్ కారో అంటారు. ఏది నేర్పించమంటారు?" వాళ్ళకు రౌండుకూ రౌండుకూ మధ్య పది నిమిషాల్లో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

వైట్ మొదటి ఎత్తు ఈ4 అయితే బ్లాక్ ఏం ఆడాలన్నదే ఇక్కడి ప్రశ్న. డీ4 సంగతి వేరే కథ. మా నెల్లూరు ఇంట్లో బిషప్‌ను శకటు అనేవాళ్ళం. చెన్నై హాల్లో ఆ మాట ఎవరికీ తెలియదు, అందుకని బిషప్ అనే రాస్తాను. గుర్రాన్నీ మంత్రినీ మాత్రం వదులుకోలేను.

## ముందు మీ సంగతి తేల్చుకోండి

ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం) ఏం చెబుతుందన్నది పక్కన పెట్టండి. మన స్థాయిలో ఈ నాలుగు ఓపెనింగులూ ఆడదగ్గవే. ఇంజిన్ చూపించే ఆ పావు పాయింటు తేడా పదిహేనో ఎత్తుకు మన తప్పుల్లో కొట్టుకుపోతుంది. చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి.

వారానికి ఎన్ని గంటలు? నిజాయితీగా లెక్కేయండి. ఆఫీసు చెన్నైలో ఒక మూల ఓఎంఆర్ రోడ్డు మీద, ఇల్లు ఇంకో మూల పెరంబూరులో అయితే రోజుకు మూడు గంటలు రోడ్డు మీదే. మిగిలిన టైములో ట్యాక్టిక్స్ పజిల్స్ చెయ్యాలి, కాస్త ఎండ్‌గేమ్ (పావులు తగ్గాక వచ్చే ఆట చివరి భాగం) చూడాలి. ఓపెనింగ్‌కు మిగిలేది వారానికి గంట, మహా అయితే రెండు. రోజూ సాయంత్రం కోచింగ్‌కు వెళ్ళే పన్నెండేళ్ళ కుర్రాడి లెక్క ఇది కాదు. అతనికి సరిపడే ఓపెనింగ్ మీకు సరిపడదు.

దారి ఎవరి చేతిలో ఉంది? కొందరు దీని గురించి ఆలోచించనే ఆలోచించరు. మీరు నెలంతా ఒక లైన్ (ఎత్తుల వరుస) చదివి వెళతారు, ఎదుటివాడు రెండో ఎత్తులోనే పక్క సందులోకి తిప్పేస్తాడు. ఒక్కో ఓపెనింగ్‌లో ఈ తిప్పుడు ఒక్కో రకంగా ఉంటుంది. చదివింది బోర్డు మీదకు ఎన్నిసార్లు వస్తుందన్నది, ఎంత చదివారన్న దానికంటే ముఖ్యం.

తప్పు చేస్తే శిక్ష ఎంత? ఒక ఎత్తు మర్చిపోతే కొన్ని ఓపెనింగుల్లో కాస్త ఇరుకున పడతారు, కొన్నింటిలో రాజే పోతాడు. 15 నిమిషాల రాపిడ్‌లో ఈ తేడా ఇంకా పెద్దది, ఎందుకంటే మర్చిపోయినదాన్ని బోర్డు దగ్గర కూర్చుని కనిపెట్టే టైము ఉండదు.

గెలవాలా, ఓడకుంటే చాలా? దీనికి మంచి ఉదాహరణ మన ఊళ్ళోనే ఉంది. 2013 నవంబరులో ఆనంద్, కార్ల్‌సన్ ప్రపంచ చాంపియన్‌షిప్ చెన్నైలో హయత్ రీజెన్సీ హోటల్లో జరిగింది. 8వ ఆటలో ఆనంద్‌కు నల్లపావులు. అప్పటికే రెండు ఆటలు వెనకబడి ఉన్నాడు. అయినా ఆడింది బెర్లిన్ డిఫెన్స్, గట్టి గోడలాంటిది. డ్రా అయింది. 9వది తెల్లపావులతో ఓడిపోయాడు. స్కోరు 6-3. ఇక మిగిలిన మూడూ గెలిస్తేనే సమం. 10వ ఆటలో మళ్ళీ నల్లపావులు, కార్ల్‌సన్ ఈ4. ఆ రోజు ఆనంద్ సిసిలియన్ తీశాడు. మనిషి అదే, ఎదుటివాడూ అదే, మారింది అవసరం. అయితే కార్ల్‌సన్ పెద్ద గొడవలోకి దిగనే లేదు. మూడో ఎత్తులో బిషప్‌ను బీ5లో పెట్టి చెక్ చెప్పి, ఆటను తనకు కావాల్సిన నెమ్మదైన దారిలోకి తెచ్చుకున్నాడు. 65 ఎత్తులకు డ్రా, మ్యాచ్ 6.5-3.5. సిసిలియన్ ఆడగానే కొట్లాట దొరుకుతుందని హామీ ఏమీ లేదు. నేను పైన చెప్పిన దారి సంగతి ఇదే.

| చూడాల్సింది | ఈ5 | సిసిలియన్ (సీ5) | కారో-కాన్ (సీ6) | ఫ్రెంచ్ (ఈ6) |
|---|---|---|---|---|
| మొదలుపెట్టడానికి చదువు | మధ్యస్థం, కానీ చాలా ముక్కలు | ఎక్కువ | తక్కువ | తక్కువ నుంచి మధ్యస్థం |
| వైట్ దారి తిప్పే అవకాశం | చాలా ఎక్కువ | ఎక్కువ | తక్కువ | తక్కువ |
| ఒక ఎత్తు మర్చిపోతే | ఎఫ్7 (రాజు పక్క బంటు) మీద దెబ్బ | తరచూ రాజుకే ప్రమాదం | సాధారణంగా ఇరుకు | ఇరుకు, ఒకటి రెండు ఉచ్చులు |
| గెలుపు వెతుక్కునే వీలు | బాగానే | అన్నిటికన్నా ఎక్కువ | ఓపిక ఉంటే | బాగానే, ఎక్స్ఛేంజ్ (బంట్ల మార్పిడి) రాకపోతే |
| ఆదివారం రాపిడ్‌కు | పిల్లలకు బాగు | రోజూ చదివేవాళ్ళకే | బాగు | బాగు |

పట్టిక చూసి మార్కులు కూడికలు వెయ్యకండి. అసలు సంగతి గళ్ళ మధ్యలో ఉంది.

## ఈ5: పాత దారి

ఎదుటి బంటుకు ఎదురుగా మన బంటు. తాతల కాలం నుంచి ఆడుతున్నదే. దీంట్లో మంచి ఏమిటంటే ప్రతి ఎత్తుకూ అర్థం కంటికి కనపడుతుంది: నడిమి గళ్ళు పట్టుకో, గుర్రాలు బయటికి తియ్యి, క్యాస్లింగ్ చెయ్యి (రాజును ఏనుగు వైపు జరిపి భద్రంగా పెట్టు). పిల్లలకు చదరంగం అనే భాష రావాలంటే అక్షరాభ్యాసం ఇక్కడే.

ఇబ్బందేమిటంటే వైట్ ఇష్టమొచ్చిన తలుపు తీసుకుని రావచ్చు. ఇటాలియన్, స్పానిష్, స్కాచ్, వియన్నా, కింగ్స్ గ్యాంబిట్ (గ్యాంబిట్ అంటే బంటు ఎర వెయ్యడం). ఒక్కోదానికి ఒక్క జవాబైనా ఉండాలి. లోతు అక్కర్లేదు, వెడల్పు కావాలి.

పిల్లల టోర్నమెంట్లలో ఎక్కువ పాయింట్లు పోయేది ఒకే చోట. ఈ4 ఈ5, గుర్రం ఎఫ్3, గుర్రం సీ6, బిషప్ సీ4, గుర్రం ఎఫ్6. ఇక్కడ వైట్ గుర్రం జీ5కు దూకుతుంది. ఎఫ్7 మీద రెండు పావుల గురి. బ్లాక్ డీ5 ఆడుతుంది, వైట్ బంటుతో కొడుతుంది. ఇప్పుడు మన కుర్రాడి చెయ్యి ఆగదు, గుర్రంతో డీ5ను తిరిగి కొట్టేస్తాడు. అంతే, వైట్ గుర్రం ఎఫ్7లో పడుతుంది. రాజు దాన్ని కొట్టాల్సి వస్తుంది, మంత్రి ఎఫ్3 నుంచి చెక్ చెబుతుంది. డీ5 గుర్రాన్ని కాపాడుకోవాలంటే రాజు నడిబజారుకు, ఈ6కు నడిచి రావాలి. దీన్ని ఫ్రైడ్ లివర్ అంటారు. పెద్దవాళ్ళు ఆ గుర్రంతో కొట్టకుండా సీ6 గుర్రాన్ని ఏ5కు పంపి, ఒక బంటు వదులుకుని పావులు చకచకా బయటికి తెస్తారు. ఏడేళ్ళ పిల్లలకు ఇదంతా ఎందుకు అంటారా, నా సలహా ఒకటే: మూడో ఎత్తులో గుర్రం బదులు బిషప్‌ను సీ5కు తెచ్చెయ్యండి. అప్పుడు జీ5కు దూకిన గుర్రాన్ని మన మంత్రి డీ8 నుంచి నేరుగా కొట్టేస్తుంది.

స్పానిష్ అంటే భయపడేవాళ్ళకు బెర్లిన్ ఉంది. 2000లో లండన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో కాస్పరోవ్‌ను క్రామ్నిక్ దీనితోనే ఆపాడు. ఆ మ్యాచ్ మొత్తంలో కాస్పరోవ్ ఒక్క ఆటా గెలవలేకపోయాడు. కానీ అందులో మంత్రులు ఎనిమిదో ఎత్తుకే పోతాయి, క్యాస్లింగ్ చెయ్యని రాజుతో ఎండ్‌గేమ్ ఆడాలి. ఎండ్‌గేమ్ అంటే ఆవలింతలు వచ్చేవాళ్ళు దాని జోలికి పోవద్దు. పెట్రోఫ్ (రెండో ఎత్తులో గుర్రం ఎఫ్6) కూడా గట్టిదే. ఒకే ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి: వైట్ గుర్రం మీ ఈ5 బంటును కొట్టగానే మీరూ ఆత్రంగా ఈ4 బంటును కొట్టకండి, ముందు డీ6 ఆడి ఆ గుర్రాన్ని తరమండి.

## సిసిలియన్: కొట్లాట కావాలంటే

ఫిషర్, కాస్పరోవ్ బలం చూపించిన చోటు. ఆనంద్ కూడా ఏళ్ళ తరబడి సిసిలియన్‌లో నైడార్ఫ్ అనే రకం ఆడాడు. మొదటి ఎత్తు నుంచే రెండు వైపులా బంట్లు వేరువేరు ఆకారంలో ఉంటాయి, కాబట్టి ఆట ఊరికే డ్రా వైపు జారదు. రేటింగ్ తక్కువున్నవాళ్ళ మీద నల్లపావులతో గెలవాల్సినప్పుడు ఇంతకంటే మంచిది లేదు.

చిక్కు రెండు చోట్ల ఉంది. ఒకటి చదువు. నైడార్ఫ్ ఆరో ఎత్తులో వైట్ బిషప్‌ను జీ5లో పెట్టవచ్చు, ఈ3లో, సీ4లో, ఈ2లో పెట్టవచ్చు. ఊరికే హెచ్3 కూడా ఆడవచ్చు. ఒక్కోటి ఒక్కో పుస్తకం. బీ2 బంటును మంత్రితో తినే 'పాయిజన్డ్ పాన్' లైన్ పేరులోనే విషం ఉంది. 1972లో రెయిక్యవిక్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ 11వ ఆటలో స్పాస్కీ దాంట్లోనే ఫిషర్ మంత్రిని బంధించి గెలిచాడు. ఫిషర్‌కే అలా జరిగింది. డ్రాగన్ ఇంకో రకం: వైట్ పొడుగు వైపు క్యాస్లింగ్ చేసి హెచ్ బంటును తోసుకుంటూ వస్తాడు, మీరు సీ గడుల వరుస మీద ఏనుగుతో వెళతారు. ఎవరు ఒక ఎత్తు ముందు చేరితే వాళ్ళది గెలుపు. చూడ్డానికి భలే ఉంటుంది. ఆడేటప్పుడు బీపీ పెరుగుతుంది.

రెండోది, ఇంత చదివినా అది బోర్డు మీదకు రాకపోవడం. చెన్నై వారాంతపు టోర్నమెంట్లలో నాలాంటి మధ్యవయసు వాళ్ళెవరూ నైడార్ఫ్, డ్రాగన్ వచ్చే పెద్ద దారిలోకి, అంటే ఓపెన్ సిసిలియన్‌లోకి అడుగు పెట్టరు. మాకు పిల్లల ప్రిపరేషన్ అంటే భయం. సీ3 ఆడతాం, బిషప్‌ను బీ5కు తెస్తాం, మోర్రా గ్యాంబిట్ వేస్తాం, గ్రాండ్ ప్రీ అని ఎఫ్4 తోస్తాం. సిసిలియన్ నేర్చుకునే కుర్రాడు ముందు నేర్చుకోవాల్సింది ఈ పక్కదారులకు జవాబులు, నైడార్ఫ్ తర్వాత. కోచింగ్‌లో మాత్రం అంతా తలకిందులుగా జరుగుతుంది: ఆరు నెలలు నైడార్ఫ్ చెబుతారు, మొదటి టోర్నమెంటులో నాలుగుసార్లు సీ3 ఎదురవుతుంది.

టైము తక్కువైనా సిసిలియన్ మీద మనసు చావనివాళ్ళకు సిసిలియన్‌లోనే కాన్ (కారో-కాన్ వేరు) లేదా టైమనోవ్ చూడమంటాను. ఈ6తో మొదలయ్యే నిదానమైన ఆకారాలు. బట్టీ పట్టాల్సింది తక్కువ, ఆలోచన ఎక్కువ.

## కారో-కాన్: ఉద్యోగస్తుల నేస్తం

హొరాషియో కారో, మార్కస్ కాన్ అని 19వ శతాబ్దపు ఇద్దరు ఆటగాళ్ళ పేర్ల మీద వచ్చింది. సీ6, తర్వాత డీ5. ఫ్రెంచ్‌లాగా నడిమి బంటును సవాలు చెయ్యడమే, కానీ సీ8 బిషప్‌కు దారి మూసుకోకుండా. 2013లో ఇక్కడే చెన్నైలో 2వ ఆటలో కార్ల్‌సన్ నల్లపావులతో దీన్నే ఆడాడు, ఆనంద్ మీద 25 ఎత్తుల్లో డ్రా తీసుకుని లేచాడు.

వైట్ ఎక్కడికి తిప్పినా మీ బంట్ల ఆకారం దాదాపు మీకు తెలిసినట్టే ఉంటుంది. మూడో ఎత్తులో వైట్‌కు నాలుగైదు దారులున్నాయి: గుర్రం సీ3, ఈ5 తోపు, బంట్లు మార్చుకోవడం, ఎఫ్3. బంట్లు మార్చుకున్నాక సీ4 తోస్తే పానోవ్. వీటన్నిటికీ కలిపి నా నోట్సు ఒక పొడుగు పుస్తకంలో పదకొండు పేజీలు. సిసిలియన్ నోట్సు మూడు పుస్తకాలైనా తేలలేదు, చివరికి పాత పేపర్లతో వేసేశాను.

కానీ కారో అంటే మొద్దు ఓపెనింగ్, అందులో ఏమీ జరగదు అనుకుంటే నాకు జరిగింది మీకూ జరుగుతుంది. ఆరు ఎత్తుల ఆటకట్టు చెప్పాను కదా. దానికి మందు సులువు: గుర్రాన్ని డీ7కు తెచ్చే లైన్ వదిలేసి, నాలుగో ఎత్తులో బిషప్‌ను ఎఫ్5కు తెచ్చి వైట్ గుర్రం మీద దాడి చెయ్యడం. లేదా డీ7 లైన్‌లోనే ఉండి, మంత్రి ఈ2లో కనపడగానే డీ7 గుర్రాన్నే ఎఫ్6కు జరపడం.

ఇప్పుడు ఎక్కువగా ఎదురయ్యే ఉచ్చు ఇంకొకటి. ఈ4 సీ6, డీ4 డీ5, ఈ5, బిషప్ ఎఫ్5, ఇక్కడ వైట్ హెచ్4 ఆడుతుంది. మన చెయ్యి అలవాటుగా ఈ6 మీదకు వెళుతుంది. వెళ్ళిందా, జీ4 తోస్తారు. బిషప్ ఈ4కు పారిపోతుంది, ఎఫ్3తో తరుముతారు. జీ6కు వస్తుంది, హెచ్5. బిషప్‌కు ఇక గడీ లేదు. మీరూ హెచ్5 ఆడాలి, లేదా కనీసం హెచ్6 ఆడి బిషప్ దాక్కోవడానికి చోటు పెట్టాలి. ఈ హెచ్4 కొత్త ఫ్యాషనేమీ కాదు, దానికి సోవియట్ ఆటగాడు టాల్ పేరే ఉంది. 1961 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో బోట్విన్నిక్ కారో-కాన్ మీద టాల్ దీన్ని వాడాడు. మ్యాచ్ మాత్రం బోట్విన్నిక్ గెలిచాడు. టాల్ పేరు చెన్నైకి పరాయిది కాదు లెండి. భారతదేశపు మొదటి ఇంటర్నేషనల్ మాస్టర్ మాన్యుయెల్ ఆరన్ ఇక్కడి సోవియట్ కల్చరల్ సెంటర్‌లో టాల్ పేరుతోనే క్లబ్ పెట్టారు. ఆనంద్ చిన్నప్పుడు ఆడుకున్నది అక్కడే.

కారోతో వచ్చే అసలు చిక్కు వేరు. ఎదుటివాడు ఏమీ తప్పు చెయ్యకపోతే గెలుపు కోసం చాలాసేపు కూర్చోవాలి. నలభై, యాభై ఎత్తులు. ఎండ్‌గేమ్‌లో ఒక్కో బంటూ లెక్కపెట్టుకునే ఓపిక ఉండాలి. పదేళ్ళ పిల్లలకు ఆ ఓపిక ఉండదు, ఉండాల్సిన పనీ లేదు.

## ఫ్రెంచ్: ఇరుకింట్లో కాపురం

లండన్, ప్యారిస్ క్లబ్బుల మధ్య 1834లో ఉత్తరాల ద్వారా మొదలైన మ్యాచ్ నుంచి ఈ పేరు వచ్చింది. ఈ6, డీ5. గట్టి గోడే, కానీ సీ8 బిషప్ ఇల్లరికపు అల్లుడిలా లోపలే ఉండిపోతుంది. పనికి రాదు, బయటికి పోదు. ఫ్రెంచ్ ఆడేవాళ్ళ మిడిల్‌గేమ్‌లో సగం ఆ బిషప్‌ను ఏం చెయ్యాలన్న ఆలోచనే.

బదులుగా ఒక స్పష్టమైన పని దొరుకుతుంది: వైట్ ఈ5 తోయగానే సీ5 తోసి సవాలు చెయ్యి, గుర్రం సీ6, మంత్రి బీ6, అన్నీ డీ4 మీదకు గురిపెట్టు. ఏం చెయ్యాలో తోచక కూర్చోవడం అన్నది ఫ్రెంచ్‌లో తక్కువ. ఒక్క జాగ్రత్త. వైట్ బిషప్ డీ3లో ఉన్నప్పుడు, బంట్లు మార్చుకున్నాక, డీ4 బంటు ఊరికే దొరికినట్టు కనిపిస్తుంది. గుర్రంతో కొడతారు, వైట్ గుర్రంతో కొడతాడు, మీరు మంత్రితో కొడతారు. వెంటనే డీ3 బిషప్ బీ5కు వెళ్ళి చెక్ చెబుతుంది, దాని వెనక డీ1లో ఉన్న మంత్రి మీ మంత్రిని చూస్తుంటుంది. పోయింది. ముందు మీ బిషప్‌ను డీ7లో పెడితే ఆ చెక్ ఉండదు, అప్పుడు బంటు నిజంగానే మీది.

చాలామంది ఫ్రెంచ్‌ను నీరసం అంటారు. 2024 నవంబరులో సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ మొదటి ఆటలో గుకేశ్ ఈ4 ఆడితే డింగ్ లిరెన్ ఫ్రెంచ్‌తో వచ్చి, నల్లపావులతో గెలిచేశాడు. ఆ రోజు చెన్నైలో తెలుగిళ్ళల్లో ఎన్ని కాఫీలు చల్లారిపోయాయో. మనవాడు కదా, చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు. 13వ ఆటలో డింగ్ మళ్ళీ ఫ్రెంచే ఆడాడు, ఈసారి డ్రా. చివరికి 7.5-6.5తో పద్దెనిమిదేళ్ళకే గుకేశ్ చాంపియన్ అయ్యాడు, అది వేరే సంగతి.

ఫ్రెంచ్ ఆడేవాళ్ళ ఏడుపు ఒకటే: ఎక్స్ఛేంజ్. మూడో ఎత్తులో వైట్ బంట్లు మార్చేసుకుంటే రెండు వైపులా అద్దంలో చూసుకున్నట్టు ఒకేలా ఉంటుంది. డ్రా కావాలనుకునే బలహీనమైన ఆటగాడు మీ మీద ఇదే వాడతాడు.

## ఎవరికి ఏది

ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు ఈ5, వేరే మాట లేదు. ఓడతారు, ఫ్రైడ్ లివర్ తింటారు, ఎఫ్7 మీద మూడు నాలుగుసార్లు దెబ్బ తగిలాక జన్మలో మర్చిపోరు. పిల్లలకు తొందరగా రేటింగ్ రావాలని మొదటి నుంచీ కారో నేర్పించే తల్లిదండ్రులను చూస్తున్నాను. 2024 మార్చి నుంచి ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ 1400 దగ్గరే మొదలవుతోంది కాబట్టి ఆ హడావిడి ఇంకా పెరిగింది. నా మాట వింటే తొందరపడకండి.

పన్నెండు పదిహేనేళ్ళ వయసు, రోజూ రెండు గంటలు చదివే పిల్లలు, కోచ్ ఉన్నారు: సిసిలియన్. ఈ వయసులో గుర్తుండేది తర్వాత గుర్తుండదు. కోచ్‌ను ఒకటే అడగండి, సీ3కీ బీ5 బిషప్‌కూ ఏం చెబుతున్నారని. సరైన జవాబు రాకపోతే నైడార్ఫ్ క్లాసు ఫీజు కట్టే ముందు ఆలోచించుకోండి.

నాలాంటి ఉద్యోగస్తులు, ఇరవయ్యేళ్ళ తర్వాత మళ్ళీ బోర్డు ముందుకు వచ్చినవాళ్ళు: కారో, లేకపోతే ఫ్రెంచ్. రెంటి మధ్యా తేల్చుకోవడానికి నేనిచ్చే పరీక్ష చిన్నది. ఇరుకు పొజిషన్‌లో మీకు ఊపిరాడదా, లేక అక్కడే తొణక్కుండా ఎదురుదెబ్బ ప్లాన్ చేస్తారా? మొదటివాళ్ళు కారో, రెండోవాళ్ళు ఫ్రెంచ్. చిన్నప్పుడు ఈ5 బాగా ఆడినవాళ్ళైతే దాన్నే దుమ్ము దులుపుకోండి. చేతికి అలవాటైన ఓపెనింగ్‌ను మించింది లేదు.

ఇంకో రకం ఉన్నారు, చివరి రౌండులో ప్రైజు కోసం తప్పకుండా గెలవాల్సినవాళ్ళు. ఆనంద్ చేసినట్టు ఆ ఒక్క రోజు సిసిలియన్ తియ్యాలనిపిస్తుంది. అది ముందే తెలిసి ఉన్నవాళ్ళకే పనిచేస్తుంది. మామూలు రోజుల్లో కారో, అవసరానికి సిసిలియన్ కాన్, ఇలా రెండు పెట్టుకోవచ్చు, కానీ రెండోది కూడా క్లబ్బులో యాభై ఆటలైనా ఆడి ఉండాలి. ప్రైజుల రౌండులో మొదటిసారి ఆడిన ఓపెనింగ్ నాకు ఎప్పుడూ కలిసిరాలేదు.

మొదటి ఎత్తులోనే డీ5, స్కాండినేవియన్, ఎందుకు చెప్పలేదని అడుగుతారు. ఆడవచ్చు. మంత్రి రెండో ఎత్తుకే రోడ్డెక్కడం నాకు నచ్చదు, అంతే.

## మార్చే ముందు

మీ చివరి ఇరవై బ్లాక్ ఆటలు తీసి, ఎక్కడ పోయాయో ఎత్తు నంబరు రాసుకోండి. పదిలోపు పోయినవి మూడో నాలుగో ఉంటే ఓపెనింగ్ గొడవే. అన్నీ ముప్ఫై తర్వాత పోతుంటే ఓపెనింగ్ ఏది మార్చినా లాభం లేదు, ఎండ్‌గేమ్ పుస్తకం కొనుక్కోండి. నేను ఈ లెక్క వేసినప్పుడు ఇరవైలో పదమూడు ఎండ్‌గేమ్‌లో పోయినవే తేలాయి. నాలుగేళ్ళుగా మూడు ఓపెనింగులు మార్చినవాడిని నేను.

ఏది ఎంచుకున్నా మూడు నెలలు, కనీసం ముప్ఫై ఆటలు, దాన్ని వదలకండి. ఓడిన రోజు రాత్రి వీడియోలు చూడకండి.

ఆ అమ్మాయి పోయిన సంవత్సరం మళ్ళీ తగిలింది. అప్పటికి కాళ్ళు నేలకు అందుతున్నాయి. నేను సీ6 ఆడాను. ఒకసారి తలెత్తి నా మొహం చూసింది, గుర్తుపట్టిందో లేదో తెలియదు. డీ4, డీ5, ఈ5. నా బిషప్ ఎఫ్5. హెచ్4 ఆడింది. చెయ్యి అలవాటుగా ఈ6 బంటు మీదకు పోయింది, గాల్లోనే ఆపుకున్నాను. హెచ్5 ఆడాను. 52 ఎత్తులకు డ్రా అయింది, చివర్లో నా దగ్గర పదకొండు సెకన్లు మిగిలాయి.